జట్టు ఎవరి సొత్తు?

2025 అక్టోబరు మాసమున హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాదును విడిచిపోయినది. ఆటగాండ్రు కొందఱు పోవుటయు క్రొత్తవారు వచ్చుటయు లోకమున సామాన్యమే. ఇప్పుడు పోయినది ఆటగాడు కాదు, జట్టే. పేరు మాఱినది, ఊరు మాఱినది. హైదరాబాదు జట్టు ఢిల్లీ జట్టై ‘స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ’ యను నామధేయమును దాల్చినది. మూడున్నర యేండ్లకు బూర్వము దేశమున కెల్ల విజేతయై కప్పును దెచ్చిన జట్టిది. ఆ కప్పు వచ్చిననాడు సంతోషించిన వేలకొలది జనులలో నొక్కరినైనను, ‘మీ జట్టును దీసికొనిపోవుచున్నాము, మీకు సమ్మతమా?’ యని యడుగవలసిన బాధ్యత చట్టప్రకారము ఎవరికిని లేకపోయెను. ఏలయన జట్టు వారిది కాదు.

ఈ వార్తతో ప్రొద్దుటూరి వర్తకునకును, జమ్మలమడుగు భూస్వామికిని, పులివెందుల తోటల రైతునకును బని యేమి యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. పని కలదని మా విన్నపము. ఒక క్రీడాసంఘము బ్రదుకుటయు జచ్చుటయు ఆటగాని కాలిబలముపై గాక, సొత్తెవరిది, పెత్తన మెవరిది, లెక్క చెప్పవలసినవా రెవరు అను మూడు ప్రశ్నలపై నాధారపడియుండును. ఈ మూడు ప్రశ్నలును మన సీమకు గ్రొత్తవి కావు.

కర్నూలు కడప కాలువను జ్ఞప్తికి దెచ్చుకొందము. ప్రొద్దుటూరు ప్రాంతపు మాగాణులకు దుంగభద్ర నీటి నందించు ఆ కాలువను మొదట త్రవ్వినది ప్రభుత్వము కాదు. 1858లో లండనులో నేర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దానిని జేపట్టినది. పదిలక్షల పౌనుల మూలధనముపై నూటికి అయిదు వంతున వడ్డీ ముట్టునట్లు సర్కారు పూచీ పడినది. కాలువ పాఱినను పాఱకున్నను వాటాదారునకు వడ్డీ ముట్టును. నష్టము వచ్చినచో దానిని మోయువాడు ఈ దేశపు పన్నుదారుడు. మూలధనము దూరదేశస్థులది, భూమి రైతుది, నష్టము ప్రజలది. ఇట్టి యేర్పాటున పని యెట్లు సాగునో యట్లే సాగినది. ఖర్చు అంచనాలను మించెను, ఆదాయము రాదయ్యెను. తుదకు 1882లో సర్కారే కాలువను గొనవలసివచ్చెను. నీరు మంచిదే, నేల మంచిదే, కాలువకు రూపకల్పన చేసిన ఆర్థర్ కాటను సామర్థ్యమును లోకవిదితమే. చెడినది స్వామ్యము, నిర్వహణము. ఫుట్‌బాల్ క్లబ్బు విషయమునను న్యాయ మిదియే.

ఇక హైదరాబాదు క్లబ్బు చరిత్రమును సంగ్రహముగా జెప్పెదము. 2019లో పూనా నగరపు క్లబ్బు ఆర్థికముగా జితికిపోగా, ఇండియన్ సూపర్ లీగులో దాని స్థానమును ఇరువురు తెలుగు వ్యాపారులు, విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని గారలు, పొంది హైదరాబాదు పేర జట్టు నేర్పఱచిరి. అనగా ఈ జట్టు పుట్టుకయే మఱియొక నగరమున నొక జట్టు చావుతో గలిగినది. మొదటి యేడు పది జట్లలో నిది పదియవదిగా నిలిచెను. 2020లో స్పెయిను దేశీయుడగు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చెను. ఆయనకు పని చేయుట కవకాశమిచ్చిరి. చిన్నవయస్కులగు దేశీయ క్రీడాకారులను దీర్చిదిద్దిరి. మఱుసటి యేడు అయిదవ స్థానము. ఆ పై యేడు రెండవ స్థానమే కాక, 2022 మార్చి 20వ తేదీని గోవాలోని ఫతోర్దా మైదానమున కేరళ జట్టును పెనాల్టీలలో గెలిచి కప్పు. గోలుకీపరు లక్ష్మీకాంత కట్టిమణి ఆనాడు మూడు పెనాల్టీల నాపెను. 2022-23లో మరల లీగునందు రెండవ స్థానము.

అటుపిమ్మట ఒక్క సంవత్సరములో నంతయు తలక్రిందయ్యెను. ఆటగాండ్రకు జీతములు బాకీపడినవి. బాకీలనుగూర్చి ఫిర్యాదులు అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యవఱకు పోగా, క్రొత్త ఆటగాండ్రను జేర్చుకొనరాదని నిషేధము వచ్చినది. శిక్షకుడు 2023లోనే గోవా క్లబ్బునకు వెడలిపోయియుండెను. విదేశీయులును, పేరుగన్న దేశీయులును ఒకరి వెనుక నొకరు వెడలిపోయిరి. మిగిలిన కుఱ్ఱవాండ్రతో 2023-24లో ఇరువదిరెండు ఆట లాడి ఒక్కటి మాత్రమే గెలిచి, ఎనిమిది పాయింట్లతో పండ్రెండు జట్లలో బండ్రెండవదై నిలిచిరి. 2024లో బి.సి. జిందాల్ సంస్థవారు క్లబ్బును జేజిక్కించుకొనిరి. మఱుసటి యేడు చివరినుండి రెండవ స్థానము. ఆ వెనుక ఢిల్లీ ప్రయాణము.

ఈ చరిత్రమున మేము ఏ వ్యక్తిపైనను నింద మోపజాలము. యజమానులు మొదటి యేండ్లలో ధైర్యము జూపిరి. సమర్థుని నియమించి యతని పనికి నడ్డుపడలేదు. ఆ ఫలము అందఱును జూచినదే. కాని యీ యేర్పాటున నొక మౌలికదోషము గలదు. ఇండియన్ సూపర్ లీగు క్లబ్బు ప్రతి యేడును లీగువారికి రుసుము చెల్లింపవలెను, జీతములు చెల్లింపవలెను, ప్రభుత్వపు మైదానమును గచ్చిబౌలిలో వాడుకొనవలెను. మహమ్మారి కారణముగా రెండు సంవత్సరములు ఆటలన్నియు గోవాలోనే, ఇంచుమించుగా జనశూన్యమైన మైదానములలో, జరిగినవి. కప్పు గెలిచిన యేడు సొంతయూరివారు తమ జట్టును సొంతయూర జూచియుండలేదు. కావున ఖర్చంతయు యజమానుల జేబునుండియే రావలసివచ్చెను. జేబు నిండియున్నంతకాలము జట్టు నిలిచినది. జేబు సన్నగిలినంతనే కూలినది. ఒక్క స్తంభముపై గట్టిన మండపమునకు ఆ స్తంభ మెంత లావైనను భయమే.

ఇందులకు బూర్వము హైదరాబాదు ఫుట్‌బాలుకు వేఱొక స్వామ్యముండెను. దాని కీర్తి యింతకంటె ననేకరెట్లు గొప్పది. నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచెను. 1950లోనే మోహన్ బగానును జయించి డ్యూరాండు కప్పును దెచ్చెను. ఆ జట్టునకు యజమాని పోలీసుశాఖ. ఆటగానికి ఉద్యోగము, నెలజీతము, ముసలితనమున పింఛను. జీత మధికము కాకపోవచ్చును గాని, తప్పక ముట్టుచుండెను. రేపటి భోజనమునుగూర్చి చింతలేనివాడు ఆటపై మనస్సు నిల్పగలడు.

అయినను శాఖ యొక్కటియే ఆ విజయములకు గారణము కాదు. దేశమున అనేక పోలీసుశాఖలు ఉండెను. అన్నియు కప్పులు దేలేదు. ఇక్కడ సయ్యద్ అబ్దుల్ రహీము గారుండిరి. వృత్తిచే ఉపాధ్యాయుడు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు గార్యదర్శి. 1950 నుండి పోలీసు జట్టునకు శిక్షకుడు. 1963లో మరణించువఱకును ఆ బాధ్యతలను విడువలేదు. బంతిని దొర్లించుకొనిపోరాదని నియమించి, ఒక్కతన్నుతో తోడివానికందింపవలెనను పందెములను, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనను పందెములను ఆయన బాలురకు బెట్టుచుండెనట. అనగా ఒకే పురుషుడు పైన సంఘమును నడపుచు, క్రింద బాలురను దయారుచేయుచు, నడుమ జట్టును దీర్చుచుండెను. శాఖ ధనమునిచ్చెను, ఉద్యోగమిచ్చెను, పిమ్మట తొలగి నిలిచెను. ఆయన శిక్షణమున భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణమును, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమును బొందినది.

అయితే ఈ వైభవమును ఏల నిలువలేదు? కారణము స్పష్టమే. నిర్వహణమంతయు ఒక్క మనుష్యునియందు నిండియుండెను గాని వ్యవస్థయందు లేదు. రహీముగారు పోయిన వెనుక ఆయన కుర్చీలో గూర్చుండువాడు దొరకవచ్చును; ఆయన పని చేయువా డెక్కడ? అప్పటికే కలకత్తా క్లబ్బుల యాకర్షణ బలపడినది. తులసీదాసు బలరాము 1957లో ఈస్ట్ బెంగాలునకు బోయెను. మహమ్మదు హబీబు 1966లో నదే దారి బట్టెను. 1965-66లో ఆంధ్రప్రదేశము సంతోష్ ట్రోఫీని గెలిచినది; అటు తరువాత ఆ ట్రోఫీ తెలుగువారి యింటికి వచ్చుట మేమెఱుగము. శాఖ ఉండెను, జీతములు ఉండెను, మైదానములు ఉండెను. విత్తనము చల్లువాడు లేకపోయెను.

ఈ రెండు కథలను బ్రక్కప్రక్కన బెట్టి చూచినచో నొక సత్యము తోచును. మొదటిదానియందు పనివాడు దొరికెను, ధనము నిలువలేదు. రెండవదానియందు ధనము నిలిచెను, పనివాని పరంపర నిలువలేదు. ‘ప్రభుత్వస్వామ్యము మేలా, ధనికుని స్వామ్యము మేలా’ యను వాదము కేవలము సగము ప్రశ్న. రెండవ సగము, నిర్ణయము చేయువానికి విద్యయు, కాలమును, స్వాతంత్ర్యమును గలవా యనునది. మూడవది యొకటి గలదు, యజమాని విసిగినప్పుడు జట్టు గతి యేమి యనునది.

‘ఐనచో ప్రజలే యజమానులైన నన్నియు జక్కబడునుగదా’ యని కొందఱనవచ్చును. అంత సులభము కాదు. స్పెయిను దేశమున బార్సిలోనా క్లబ్బు సభ్యులది. అధ్యక్షుని సభ్యులే ఎన్నుకొందురు. అయినను ఎన్నికలలో గెలువగోరువాడు గొప్ప ఆటగాండ్రను దెచ్చెదనని వాగ్దానము చేయును. వాగ్దానమునకు అప్పు చేయును. 2021లో ఆ క్లబ్బు అప్పు 135 కోట్ల యూరోలని దాని అధ్యక్షుడే ప్రకటించెను. ఆ యేడే మెస్సీని నిలుపుకొనజాలక కన్నీటితో సాగనంపిరి. సభ్యుల యోటు చెడ్డ లెక్కలను మంచి లెక్కలుగా జేయజాలదు.

ధనికుల స్వామ్యమంతయు చెడ్డదనుటయు నిజము కాదు. ఇంగ్లండున మాంచెస్టరు యునైటెడు క్లబ్బును గ్లేజరు కుటుంబము 2005లో అప్పుతో గొని, ఆ యప్పును క్లబ్బు నెత్తిపైననే మోపెను. అయినను 1986 నుండి యున్న నిర్వాహకుడు అలెక్స్ ఫెర్గూసను 2013లో విరమించువఱకు మఱి యయిదుమాఱులు లీగు విజేతగా నిలిపెను. ఆయన తొలగిన వెనుక పండ్రెండేండ్లలో నా క్లబ్బు లీగు నొక్కపర్యాయమైనను గెలువలేదు. యజమాని వారే, ధనము అంతకంటె నెక్కువయే, తల పోయినది.

జర్మనీవారు మధ్యమార్గమును బట్టిరి. 1998 నుండి అచ్చటి నియమము ప్రకారము, కంపెనీలు క్లబ్బులో ధనము బెట్టవచ్చును గాని, సగముపైన నొక్క యోటు సభ్యుల సంఘమునకే యుండవలెను. ఒకటి రెండు క్లబ్బులకు మినహాయింపులు గలవు. బయెర్న్ మ్యూనిక్ క్లబ్బునందు నూటికి 75 వంతులు సభ్యసంఘమువి. తక్కినవానిని ఆడిడాస్, ఆడీ, అలియాంజ్ అను మూడు కంపెనీలు సమముగా బంచుకొనినవి. ధనము వచ్చినది, పెత్తనము పోలేదు. పూర్వక్రీడాకారులే నిర్వహణమున బెద్దలైరి. 2013 నుండి 2023 వఱకు పదునొకండేండ్లు వరుసగా వారే విజేతలు.

మన దేశమున బెంగాలును జూడుడు. 1911లో తెల్లవారి పటాలము నోడించి జాతికి దలయెత్తించిన మోహన్ బగాను సభ్యుల క్లబ్బు. 2020లో కంపెనీతో జతకట్టి నూటికి 80 వంతులు ఆర్.పి. సంజీవ్ గోయెంకా సంస్థ కిచ్చి, 20 వంతులు సంఘమునకు నిలుపుకొనిరి. క్లబ్బు పేరునకు ముందు ‘ఎ.టి.కె.’ యను మూడక్షరములు చేరగా అభిమానులు సహింపలేదు. వీథులకెక్కిరి, మైదానమునకు బోక మానిరి. 2023లో ఆ యక్షరములు తొలగినవి. ఆ పిమ్మటి యేడును, దాని మఱుసటి యేడును లీగు విజేత ఆ క్లబ్బే. ప్రక్కనున్న ఈస్ట్ బెంగాలు మాత్రము 2018 నుండి 2022 లోపల క్వెస్, శ్రీ సిమెంట్, ఇమామీ యను మూడు సంస్థలను మార్చెను. ఒప్పందపు పత్రముపై సంతకము చేయుటకే నెలలకొలది తగవు. ఫలితము పట్టికలో అడుగుభాగము. ఒకే నగరము, ఒకే కాలము, ఇంచుమించుగా సమానమైన అభిమానము. భేదము ఒడంబడికయందును దాని నిలుకడయందును గలదు.

ఇప్పుడు మన మూడు పట్టణములకు వత్తము. ప్రొద్దుటూరు వర్తకునికి ఖాతా లేనిదే అప్పు పుట్టదని తెలియును. పులివెందుల రైతునకు చీనీమొక్క నాటిన నాలుగైదేండ్లకుగాని కాపు రాదని తెలియును. జమ్మలమడుగు వాసికి గండికోట గోడలు కట్టినవానివలన గాక కాపాడినవానివలన నిలుచునని తెలియును. ఈ తెలివి క్రీడల విషయమున నేల పనికిరాదు? మన సీమలో పండుగకు పందెములు పెట్టింపవలెనన్న నొక పెద్దాయన వాకిటికి బోవుదుము. ఆయన దొడ్డమనసుతో బహుమానము లిచ్చును, పందిరి వేయించును, జనులకు అన్నము బెట్టించును. మఱుసటి యేడు ఆయనకు ధనము లేకపోయినను, మనసు రాకపోయినను, ఎన్నికలలో నోడినను పందెము లేదు. అంతకంటె గీడు మఱియొకటి కలదు. పెద్దాయన కొక ముఠా. ఎదుటివాని కొక ముఠా. ఆడుకొను పిల్లలు రెండు జట్లుగా గాక రెండు కక్షలుగా జీలుదురు. మంచి ఆటగాడు ఆ వీథివాడగుటచే ఈ వీథి జట్టున జేరజాలడు. ఈ వ్యాధికి మం దొక్కటే: సొత్తును వ్యక్తినుండి తొలగించి సంఘమున స్థాపించుట.

పూర్వము మన చెరువుల కొక యేర్పాటుండెను. చెరువు కట్టించిన లేక బాగుచేసినవానికి దశబంధపు ఇనాము. మరమ్మతు చేయుచున్నంతకాలమే ఆ హక్కు. నీరు పంచుటకు నీరుగంటి. వానికి గూలి ఆయకట్టు రైతులందఱును. ఇనాముదారుడు ధనవంతుడైనను తూము నెత్తుట యతని పని కాదు. నీరుగంటి కులపెద్ద కాకపోయినను మడికి నీరు ఎప్పుడు పెట్టవలెనో వానికే తెలియును. మరమ్మతు మానిన ఇనాముదారుని క్రింద చెరువు పూడిపోయెను. నీరుగంటిని బెదరించిన యూర చివరి మళ్లు ఎండిపోయెను. ఫుట్‌బాల్ క్లబ్బునకు యజమాని, నిర్వాహకుడు, సభ్యుడు అను మువ్వురి ధర్మములును ఇందు ఇమిడియున్నవి.

కావున మా సూచనలివి. ఏ పట్టణమున క్రీడాసంఘము నేర్పఱచినను దానిని 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద గాని, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద గాని రిజిస్టరు చేయింపుడు. మైదానము ఏ వ్యక్తి పేరనుగాక సంఘము పేర నుండవలెను. పేరును, రంగులును, ఊరును మార్చుటకు మూడువంతుల సభ్యుల సమ్మతి కావలెనని నిబంధనావళిలో వ్రాయుడు. దాత యెంత యిచ్చినను ఓటు ఒక్కటియే. జట్టు నెన్నుకొను పని శిక్షకునిది. అతనిని మూడేండ్లకు దక్కువ కాకుండ నియమింపుడు. అధ్యక్షుని మేనల్లుడైనను శిక్షకుడు వలదన్న వలదు. శిక్షకుని చేతిక్రింద నింకొకని తయారుచేయుట అతని విధులలో నొకటి కావలెను. లేనిచో రహీముగారి వెనుక గలిగిన శూన్యమే మరల గలుగును. రాబోవు యేటి జీతములు బ్యాంకులో ముందుగా నిలువయుండనిదే ఆటగానితో ఒడంబడిక చేయరాదు. ఉగాదికి జమాఖర్చులు సంఘపు గోడపై నంటింపవలెను.

‘దీనికి ధనమెక్కడిది?’ యను ప్రశ్నకు మా సమాధానము: చిన్నగా మొదలిడుడు. హైదరాబాదులోనే శ్రీనిధి విద్యాసంస్థలవారి డెక్కను జట్టు సొంత మైదానమును గట్టుకొని, బాలశిక్షణముతో మొదలిడి, 2022-23లోను 2023-24లోను ఐ-లీగున రెండవ స్థానమున నిలిచినది. పొరుగున అనంతపురమున గ్రామీణాభివృద్ధి సంస్థవారు పల్లెల బాలబాలికలకు మైదానము గల్పించి ఫుట్‌బాలు నేర్పిరి. ఇవి యాదర్శములే యైనను, మొదటిది ఒక సంస్థ దాక్షిణ్యముపైనను, రెండవది విశేషముగా స్పెయిను దాతల యౌదార్యముపైనను నిలిచినవని మఱువరాదు. మనకు గావలసినది వేయిమంది నెలకు గొద్దిగా నిచ్చు సభ్యత్వము. వేయి వేళ్లుగల మఱ్ఱి ఒక్క వేరు కుళ్లినంత మాత్రమున గూలదు.

లండనులో వింబుల్డను క్లబ్బును దాని యజమానులు 2003లో వేఱొక యూరికి దరలించుకొనిపోయిరి. తరలింపునకు అనుమతి వచ్చినంతనే, 2002లోనే, అభిమానులు మఱియొక క్లబ్బును దామే స్థాపించిరి; క్రింది తరగతినుండి యారంభించి, 2011లో దేశీయలీగున బ్రవేశించి, 2020లో తమ పాతవీథిలోనే మైదానము గట్టుకొనిరి. ధనికుడు తీసికొనిపోయినది లీగులోని స్థానమును మాత్రమే; ఊరిని గాదు. హైదరాబాదువా రిట్లు చేయుదురో లేదో కాలమే చెప్పవలెను. కడపసీమవారు మాత్రము పోగొట్టుకొనిన పిమ్మట నేర్చుకొన నక్కఱలేదు. మొదటి బంతిని దన్నుటకు ముందే, ‘ఈ జట్టు ఎవరిది?’ యని యడిగి, జవాబును రిజిస్టరు కచేరీలో వ్రాయించుకొనిన జాలును.